రాలిందీ కొట్టుకొచ్చిందీ ఎవరిది?

(అనంతపురంలో మిద్దె తోటలు పెంచుకునేవాళ్ళ నెలవారీ సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం. ఫోన్‌లో రికార్డు చేసి రాసుకున్నది.)

అందరికీ నమస్కారం.

పోయిన నెల ఇదే హాల్లో ఒక చెల్లెలు నన్ను ఒక మాట అడిగింది. "అక్కా, వైజాగ్ పోయినప్పుడు ఒడ్డు పొడుగునా నాచు కొట్టుకొచ్చి పడి ఉంది. మొక్కలకు మంచిదంటారు కదా అని రెండు సంచులు నింపుకుందామనుకున్నాం. మా ఆయన వద్దన్నాడు. బీచ్‌లో ఏది ముట్టుకున్నా కేసు పెడతారంట. నిజమేనా?" అని. ఆ రోజు నాకు జవాబు తెలీలేదు. చదువుకుని వస్తానన్నాను. ఈ నెల రోజులూ ఆ పనే చేశాను.

అనంతపురంలో కూర్చుని సముద్రపు నాచు గురించి మాట్లాడటమేమిటని కొందరికి అనిపించొచ్చు. ఇక్కణ్ణించి ఏ సముద్రానికి పోవాలన్నా ఒక రాత్రి ప్రయాణం. కానీ ఆ చెల్లెలు అడిగిన దాంట్లో సముద్రం పైపైనే ఉంది. ఎవరూ విత్తనం వెయ్యలేదు, ఎవరూ కొయ్యలేదు, దానంతటది రాలింది, కొట్టుకొచ్చింది. అది ఎవరిది? తీసుకుంటే తప్పా? ఈ ప్రశ్న మన చెరువులో పూడిక మట్టికీ ఉంది, మన వీధిలో రాలే కానుగ ఆకుకూ ఉంది. అందుకని సగం సముద్రం గురించి, సగం మన చెరువుల గురించి చెప్తాను.

ముందు మా అమ్మ సంగతి చెప్పాలి.

చాలా ఏళ్ళ కిందట అమ్మను రామేశ్వరం తీసుకుపోయాను. స్నానాలయ్యాక ఒడ్డున నడుస్తుంటే గోధుమరంగు నాచు, ఆకుపచ్చ నాచు గుట్టలుగుట్టలుగా పడి ఉంది. అమ్మ పల్లెటూరి మనిషి. కుళ్ళేది ఏది కనబడినా ఆమె చెయ్యి ఊరుకోదు. బియ్యం సంచి ఒకటి తీసి ఏరడం మొదలుపెట్టింది, ఇంటి దగ్గర మల్లె చెట్లకని. ఒడ్డున ఏరింది, కొంచెం పైన ఇసుక మీద కుప్పగా ఉన్నదాంట్లోనూ రెండు గుప్పిళ్ళు తీసింది. దూరంగా కూర్చున్న ఒకామె లేచి వచ్చి అరవంలో ఏదో చెప్పింది. కోపంగా కాదు. చేత్తో నీళ్ళ వైపు చూపించి తీసుకోమంది, కుప్ప వైపు చూపించి తన గుండె మీద చెయ్యి వేసుకుంది. అలలు తెచ్చింది నీది, నేను ఏరి ఆరబెట్టుకున్నది నాది. అమ్మకు అరవం రాదు. అయినా అర్థమైంది. సంచిలోంచి ఆ రెండు గుప్పిళ్ళూ తీసి కుప్ప మీద పెట్టేసింది.

తిరిగొచ్చేటప్పుడు అడిగింది: "పాపా, నువ్వు లాయరువి కదా. ఆ కుప్ప ఆయమ్మది. మరి నీళ్ళల్లోది ఎవురిది?"

అప్పుడు ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇప్పుడు చెప్తాను.

1905లో మద్రాసు ప్రభుత్వం ఆక్రమణల చట్టం ఒకటి తెచ్చింది. మనం అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం, 1953 దాకా ఉన్నాం. అందుకని రామేశ్వరం ఒడ్డుకూ అనంతపురం చెరువుకూ ఒకటే చట్టం. అందులో రెండో సెక్షన్ ప్రభుత్వ ఆస్తి ఏదేదో వరసగా చెబుతుంది. రోడ్లు, వీధులు, డొంకలు. పోటు గీతకు, అంటే పోటు మీద నీళ్ళు ఎక్కే గీతకు, లోపలున్న సముద్రపు అడుగు నేల. నదులు, వాగులు, చెరువుల అడుగు నేల. పారే నీళ్ళు, నిలిచిన నీళ్ళు. అన్నీ సర్కారువి. సముద్రమూ చెరువూ ఒకే వాక్యంలో పక్కపక్కన ఉన్నాయి.

ఆ మాట దగ్గరే ఆగిపోతే అమ్మ చేసింది తప్పవుతుంది. చాలామంది ఆఫీసర్లు అక్కడే ఆగిపోతారు. ఆ సెక్షన్ మాత్రం ఆగదు. ఇవన్నీ ప్రభుత్వానివే గానీ, దారి హక్కులకూ ప్రజల ఇతర హక్కులకూ పక్క రైతుల సహజ హక్కులకూ, చట్టబద్ధంగా నడుస్తున్న ఆచారపు హక్కులన్నిటికీ ఎప్పుడూ లోబడే ఉంటాయి అంటుంది. దయచేసి ఈ రెండో ముక్కను గుర్తుపెట్టుకోండి. మిమ్మల్ని ఎవరైనా ఆపితే మొదటి ముక్క వాళ్ళు చెబుతారు. రెండో ముక్క మీరే చెప్పాలి.

సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో, హిమాచల్‌లో బియాస్ నది దారి మళ్ళించిన కేసులో, ఇంకో మెట్టు పైకి పోయింది. సముద్రపు ఒడ్డు, పారే నీళ్ళు, గాలి, అడవులు అందరివీ, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే అంది. ధర్మకర్త అంటే మనకు ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు. గుడి మాన్యానికి ధర్మకర్త ఉంటాడు. కాపాడతాడు. తన పొలంలా అమ్ముకోలేడు. భక్తుడు తీర్థం తీసుకుంటుంటే అడ్డుపడలేడు. అట్లాగని భక్తుడు హుండీ ఎత్తుకుపోతుంటే చూస్తూ కూర్చోకూడదు కూడా.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన సంగతికి వస్తాను. ఇన్నేళ్ళు ప్రాక్టీసు చేసినా, దీన్ని ఈ నెలలోనే శ్రద్ధగా చదివాను.

ఈజ్‌మెంట్ల చట్టం అని ఒకటుంది, 1882 నాటిది. మన నేల అనుభవించడానికి పక్కవాడి నేల మీద మనకుండే వాడుక హక్కుల గురించిన చట్టం. బండి దారి, కాలవ నీళ్ళు, గాలి, వెలుతురు, ఇట్లాంటివి. ఆ చట్టంలో నాలుగో సెక్షన్ కింద కొన్ని ఉదాహరణలిచ్చారు. అందులో ఒకటి వినండి. ఒక రైతుకు తన పశువుల్ని ఇంకొకరి పొలంలో మేపుకునే హక్కు ఉండొచ్చు. ఇంకొకరి చెరువులో నీళ్ళో చేపలో తెచ్చుకునే హక్కు ఉండొచ్చు. ఇంకొకరి నేలలో చెట్ల నుంచి రాలిన ఆకుల్ని తన పొలానికి ఎరువుగా వాడుకునే హక్కు ఉండొచ్చు. ఇవి ఈజ్‌మెంట్లు అంది.

రాలిన ఆకు, ఎరువు కోసం. 1882లోనే చట్టం పుస్తకంలో అచ్చయి ఉంది. ఇది రాసినవాళ్ళకు పల్లెల్లో పొలం ఎట్లా బతుకుతుందో తెలుసు. ఆకు చెట్టు మీదున్నంతసేపు చెట్టు యజమానిది. రాలాక దాని అవసరం పక్క పొలానిది కూడా. ఆ ఉదాహరణలో జాగ్రత్తగా చూడాల్సిన మాట ఒకటుంది: తన పొలానికి. అమ్ముకోవడానికి కాదు. హక్కు మనిషికి కాదు, నేలకు అతుక్కుని ఉంటుంది. నా పొలం ఎంత తినగలదో అంత. పొలం కడుపు నిండాక హక్కు ఆగిపోతుంది.

ఈ హక్కు ఊరికే రాదు. దాపరికం లేకుండా, ఎవరి దయా కాకుండా హక్కుగా, గొడవ లేకుండా 20 ఏళ్ళు వాడుకుని ఉండాలి. ప్రభుత్వ నేల అయితే 30 ఏళ్ళు. ఊరి ఆచారం అయితే దారి వేరు, 18వ సెక్షన్‌లో ఉంది, ఆచారాన్నే రుజువు చేసుకోవాలి. మీ ఊళ్ళో చెరువు మట్టి తోలుకోవడం తాతల నాటి ఆనవాయితీ అయితే ముసలివాళ్ళు బతికుండగానే వాళ్ళ మాట కాగితం మీద పెట్టించండి. ఇది కోర్టు మెట్లు ఎక్కి దిగినదాన్ని కాబట్టి చెప్తున్నాను. ఆనవాయితీలకు సాక్ష్యం మనుషులే. మనుషులు పోతే ఆనవాయితీ పోతుంది.

మళ్ళీ ఒడ్డుకు పోదాం. ఈ నాచు తగాదా మనదొక్కటే కాదు. ఫ్రాన్సులో 1681లో, పద్నాలుగో లూయీ కాలంలో, సముద్ర శాసనం వచ్చినప్పుడు నాచుకు ఏకంగా ఒక అధ్యాయమే పెట్టారు. రాళ్ళ మీద పెరిగే నాచు కొయ్యడానికి ఆంక్షలున్నాయి. అలలు ఒడ్డున పడేసిన నాచును మాత్రం ఎవరైనా, ఎప్పుడైనా, ఎక్కణ్ణించైనా తీసుకుని తమకు ఇష్టమైన చోటికి తోలుకోవచ్చు అని రాశారు. మూడు వందల ఏళ్ళు దాటింది. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో 2019లో అక్కడి పెద్ద కోర్టు ఇంకో వైపు నుంచి చూసింది. అక్కడ పాటు గీత దాకా, అంటే నీళ్ళు బాగా వెనక్కి పోయినప్పుడు ఆగే గీత దాకా, ఒడ్డు పక్క భూమి యజమానిదే. ఒడ్డున చేపలు పట్టే హక్కు జనానికి ఎప్పటినుంచో ఉంది. నాచు కోయడం కూడా అట్లాంటిదేనని ఒక కంపెనీ వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. రాతికి అంటుకుని పెరుగుతున్న నాచు మొక్క లాంటిది, అది భూమి యజమానిదే అంది. ఇంగ్లండులో అయితే సగం దాకా ఒడ్డు రాజరికపు ఎస్టేటుది, తక్కినది రకరకాల యజమానులది, కాబట్టి అక్కడ ముందు ఒడ్డు ఎవరిదో కనుక్కోవాలి. ఎక్కడ చూసినా పెరుగుతున్న దానికీ కొట్టుకొచ్చిన దానికీ మధ్య గీత ఒకటి కనబడుతుంది.

ఇక అమ్మ తిరిగి పెట్టేసిన రెండు గుప్పిళ్ళ సంగతి. దానికి సరిపోయే కేసు ఒకటి దొరికింది. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం. 1869 ఏప్రిల్‌లో ఒకాయన ఇద్దరు మనుషుల్ని పెట్టి సాయంత్రం పూట రోడ్డు మీద పడిన గుర్రపు పేడను 18 కుప్పలు చేయించాడు. ఆరు బండ్ల ఎరువు. బండి లేక రాత్రికి వదిలేసి పోయాడు. మర్నాడు ఇంకొకాయన బండి తోలుకొచ్చి మొత్తం ఎత్తుకుపోయాడు. రోడ్డు మీద పడిన పేడ ఎవరిదీ కాదు కదా అన్నాడు. 1871లో తీర్పు వచ్చింది. పడిన పేడ ఎవరిదీ కాదు, నిజమే. ఒకడు దాన్ని కుప్ప చేశాక, తోలుకోవడానికి తగినంత గడువు లోపల, అది వాడిదే అంది కోర్టు.

ఈ కథ ఇంట్లో చెప్తే అమ్మ ఆశ్చర్యపోలేదు. వాళ్ళ చిన్నప్పుడు పశువుల మంద వెనకాల పేడకు పోయినప్పుడు, ఎవరైనా ముందు చూసి పేడ మీద పుల్ల గుచ్చితే అది వాళ్ళదేనంట. గంప తెచ్చుకునేదాకా ఇంకెవరూ ముట్టుకునేవాళ్ళు కాదంట. అక్కడ జడ్జీలు రెండేళ్ళు కూర్చుని తేల్చింది మన పిల్లలు పుల్లతో తేల్చుకున్నారు. మన భారతీయ న్యాయ సంహితలో, అంటే నేరాల చట్టంలో కూడా, 303వ సెక్షన్ ప్రకారం, ఒకరి స్వాధీనంలో ఉన్న వస్తువును దురుద్దేశంతో తీస్తేనే దొంగతనం. ఒడ్డున అలల్లో ఉన్నది ఒక ఎత్తు, ఆరబెట్టుకున్న కుప్ప ఇంకొక ఎత్తు. రామేశ్వరం, మండపం వైపు ఆ కుప్పల మీదే బతికే ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. నడుముకు సంచి కట్టుకుని నీళ్ళలో మునిగి నాచు తెస్తారు. మీరు పోతే దయచేసి ఆ కుప్పల జోలికి పోకండి.

ఇప్పుడు వద్దన్న చోట్లు. ఇక్కడ గట్టిగా చెప్తాను.

తూత్తుకుడి నుంచి రామేశ్వరం దాకా మన్నారు సింధుశాఖలో 21 దీవులున్నాయి. 1986లో వాటిని సముద్ర జాతీయ పార్కు చేశారు. జాతీయ పార్కు లోపల వన్యప్రాణి చట్టం కింద ఏదీ తీయకూడదు. బతికిందా, రాలిందా అన్న తేడా అక్కడ పనికిరాదు. పడవలో దీవికి తీసుకుపోతామని ఎవరైనా అంటే పోవద్దు, పోయి నాచు తేవద్దు. పగడం విషయంలో ఒడ్డయినా దీవయినా ఒకటే. 2001 నుంచి పగడపు రాళ్ళు పులితో సమానంగా ఆ చట్టం మొదటి షెడ్యూల్‌లో, గట్టి రక్షణ ఉన్న జాబితాలో, ఉన్నాయి. చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముక్క కూడా అంతే. తేలే రాయి అని చెప్పి ఎవరైనా చేతిలో పెడితే పూజ గదిలోకి తేకండి. సముద్ర దోసకాయలకు, సముద్ర గుర్రాలకు ఇదే మాట వర్తిస్తుంది. గవ్వల్లో శంఖాల్లో కూడా కొన్ని రకాలున్నాయి. పేరు తెలియని గవ్వను అక్కడే వదిలేయడం మేలు.

మామూలు ఒడ్డుకు తీర నియంత్రణ నోటిఫికేషన్ ఉంది. 1991లో మొదటిది, తర్వాత 2011లో, ఇప్పుడున్నది 2019 నాటిది. ఇసుక, రాళ్ళు తవ్వకూడదు. ఇసుక దిబ్బల్ని చెరపకూడదు. ఒడ్డున పైన పడి ఉన్న నాచును చేత్తో ఏరడం తవ్వడం కిందికి రాదు. ఇది నా అభిప్రాయం, కోర్టులో నిలబడి చెప్పగలను. కానీ పార పట్టుకుని ఇసుకతో సహా ఎత్తి ట్రాలీలో వేసుకున్నారనుకోండి, మీ తరఫున వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు. కాశీకి పోయేవాళ్ళు రామేశ్వరం ఇసుక గుప్పెడు మూటగట్టుకుని పోయి గంగలో కలుపుతారు. ఎన్ని తరాలుగానో చేస్తున్నారు. ఆ గుప్పెడుకు ఎవరూ అడ్డు చెప్పరు. లారీ ఇసుక ఎత్తి ఇది కూడా సేతువు ఇసుకే అంటే ఎవరూ ఒప్పుకోరు.

అమ్మకానికైతే లెక్క మారుతుంది. జీవవైవిధ్య చట్టం 2002 ఉంది, వ్యాపారానికి తీసేవాళ్ళు రాష్ట్ర బోర్డుకు ముందు తెలపాలి. నాచు నుంచి ద్రావణం తీసి అమ్మేవాళ్ళకు 2021 నుంచి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు వర్తిస్తుంది. మీలో ఎవరైనా సీసాల్లో పోసి అమ్ముదామనుకుంటే విడిగా వచ్చి కలవండి.

సరే, చట్టం ఒప్పుకుందనే అనుకుందాం. తేవాలా? నేను తోటమనిషిగా చెప్తున్నాను, రెండు సంచులు తెచ్చుకోండి, అంతకు మించి వద్దు. ఒడ్డున పడిన నాచు చెత్త కాదు. దాని కింద చిన్నచిన్న పురుగులు, ఇసుక రొయ్యలు బతుకుతాయి. వాటి కోసం పీతలు వస్తాయి, పిట్టలు వస్తాయి. గాలికి కొట్టుకొచ్చే ఇసుకను ఆ నాచే పట్టి ఆపుతుంది, దిబ్బ కట్టడం అక్కడే మొదలవుతుంది. మన పొలంలో మొదళ్ళు వదిలితే ఏం జరుగుతుందో అక్కడా అదే జరుగుతుంది. తీస్తే ఎండి తేలికైనది, కొద్దిగా, అక్కడక్కడా తీసుకోవాలి.

ఉప్పు సంగతి కూడా ఉంది. ఐర్లండు పడమట అరాన్ దీవులు ఉత్త సున్నపురాతి బండలు. అక్కడి రైతులు ఇసుకనూ నాచునూ వీపు మీద మోసుకొచ్చి బండ మీద పొరలుగా వేసి, లేని మట్టిని తయారు చేసుకుని ఉర్లగడ్డలు పండించారు. చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. కానీ అక్కడ వాన ఉప్పును కడిగేస్తుంది. మనకు ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. బోరు నీళ్ళలో ఇప్పటికే ఉప్పుంది, కుండీల అంచున తెల్లగా పేరుకునేది మీరంతా చూస్తున్నదే. నాచు తెస్తే మూడు నాలుగు నీళ్ళలో కడిగి, ఎండబెట్టి, కంపోస్టులో కలిపి వెయ్యండి. పొటాషియం బాగా ఉంటుంది, భాస్వరం తక్కువ. అదొక్కటే వేస్తే సరిపోదు, పశువుల ఎరువు ఉండాల్సిందే. ఆ చెల్లెలికి జవాబు ఇది: కేసు కాదమ్మా, చేత్తో ఏరుకుని ఇంటి మొక్కలకు తెచ్చుకుంటే. రిజర్వు చేసిన చోట మాత్రం ముట్టుకోవద్దు.

ఇక మన నేలకు వస్తాను. మనసులో బరువంతా ఇక్కడే ఉంది.

అలలు నాచు తెచ్చినట్టు వాన మట్టి తెస్తుంది. మన పొలాల్లోంచే కొట్టుకుపోయి చెరువులో పేరుకున్న మెత్తటి ఒండ్రు అది. ఎర్ర గరుసు నేలకు చెరువు మట్టి తోలితే తేమ నిలుస్తుంది, చెనక్కాయ పది రోజులు వాన లేకపోయినా తట్టుకుంటుంది. ఈ సంగతి మన తాతలకు ఏ ప్రయోగశాలా చెప్పలేదు.

ఏడెనిమిదేళ్ళ కిందట ఒక రైతు నా దగ్గరికి వచ్చాడు. ఊరి పేరు, ఆఫీసు పేరు చెప్పను. మూడెకరాల మనిషి. వైశాఖంలో చెరువు ఎండినప్పుడు తన పొలానికి మట్టి తోలుకుంటుంటే ట్రాక్టరు పట్టుకున్నారు. అనుమతి లేకుండా ఖనిజం తరలిస్తున్నాడని రాశారు. ఖనిజం అంట. ఆయన నా ముందు కూర్చుని, "అమ్మా, మన్ను తోలినానమ్మా, ఖనిజం నాకేం తెలుసు" అన్నాడు. అదే చెరువులోంచి అదే వారంలో ఇటుక బట్టీలకు టిప్పర్లు పోతున్నాయని కూడా చెప్పాడు.

చట్టం ఏమంటుందో చెప్తాను. 2000 ఫిబ్రవరి 3న కేంద్ర ప్రభుత్వం మామూలు మట్టిని చిన్న ఖనిజాల్లో చేర్చింది. ఏ మట్టినైనా కాదు. కట్టలు, రోడ్లు, రైలు మార్గాలు, భవనాల నిర్మాణంలో నింపడానికో చదునుకో వాడే మట్టిని. 2014 డిసెంబరులో పుణె బిల్డర్ల కేసులో సుప్రీంకోర్టు దీన్నే విడమర్చింది. తవ్వినంత మాత్రాన మట్టి ఖనిజం కాదు, దేనికి వాడారన్నది చూడాలి అంది. ఇటుక మట్టి మాత్రం అంతకు చాలాముందు నుంచే చిన్న ఖనిజం, దానికి సీనరేజి, అంటే ఖనిజం తీసినందుకు ప్రభుత్వానికి చెల్లించే రుసుము, కట్టాలి. అంటే ఒకే చెరువు, ఒకే మట్టి, టిప్పరులో బట్టీకి పోతే ఖనిజం, ట్రాక్టరులో చేనుకు పోతే ఎరువు. 1882లో ఆకు గురించి చెప్పిందే ఇది: తన పొలానికి.

ఆ తీర్పు నా ఫైల్లో ఉంది. వాదించి ఉంటే గెలిచేవాళ్ళమనే నా నమ్మకం. కానీ వాయిదాలు పడితే ట్రాక్టరు ఎండలో నిలబడిపోతుంది, విత్తనం పదును దాటిపోతుంది. ఆయన అప్పు తెచ్చి జరిమానా కట్టి బండి విడిపించుకున్నాడు. నేను సరేనన్నాను. ఆ సంగతి ఇప్పటికీ నన్ను కుదురుగా ఉండనివ్వదు. అందుకే ఈ మాటలన్నీ మీకు చెప్తున్నాను, ముందే తెలిసి ఉంటే ఆ జరిమానా పడేది కాదు.

అయితే ఖనిజం కాదన్నంత మాత్రాన ఎవరినీ అడక్కుండా దిగిపోవచ్చని కాదు. చెరువు నేల సర్కారుదే. కట్ట కాపాడాల్సిన బాధ్యత ఒకరికి ఉంది. కట్ట కాలి దగ్గర తవ్వితే ఊట పడుతుంది. తూము ముందర లోతుగా తవ్వితే ఆ నీళ్ళు తూముకు ఎక్కవు. ఒండ్రు కింద గట్టి బంకమన్ను పొర ఉంటుంది, అది చిల్లు పడితే చెరువు నీళ్ళు నిలవవు. ఒక చోట బావిలా తవ్వి వదిలేస్తే వానలొచ్చాక పిల్లలు పడతారు. పైపైన, పల్చగా, చదునుగా తియ్యాలి. నాచును కూడా అట్లాగే తియ్యమన్నాను కదా.

మన పెద్దలు ఈ లెక్కలన్నీ రాతి మీద రాయించారు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని, ఆరు దోషాలు ఉండకూడదని అందులో ఉంది. కట్టలోంచి నీళ్ళు ఊరడం ఒక దోషం. చౌడు నేల ఒక దోషం. చెరువు నడుమ తాబేలు వీపు లాంటి మిట్ట ఉండటం ఒక దోషం. ఇంకొకటి ఉంది, రెండు రాజ్యాల హద్దు మీద చెరువు ఉండటం. ఎవరిదో తేలని చెరువు చెడిపోతుందని వాళ్ళకు ఆ రోజే తెలుసు. ఇప్పుడు మన చెరువులు అట్లాగే అయ్యాయి. నీళ్ళు ఒక శాఖవి, చేపలు ఒకరివి, మట్టి ఇంకొకరిది, ఆక్రమణ పట్టించుకునేది ఎవరూ కాదు.

దశబంధం ఇనాములని విని ఉంటారు. చెరువు కట్టించినవాళ్ళకో బాగు చేసేవాళ్ళకో పన్ను లేని భూమి ఇచ్చేవాళ్ళు, చెరువు చూసుకోవాలన్న షరతు మీద. మన జిల్లాల్లో ఇవి చాలా ఉండేవి. ఆ ఏర్పాటులో పూడిక తీయడం రైతు అడుక్కునే హక్కు కాదు, చేసి తీరాల్సిన పని. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ పథకం కింద ఎన్నో చెరువుల్లో పూడిక తీశారు. తీసిన మట్టి పక్క పొలానికి పోతే చెరువుకూ మేలు, పొలానికీ మేలు. అది గట్టున పోగేసి వదిలితే మళ్ళీ వానకు చెరువులోకే జారుతుంది.

అడవి గురించి ఒక్క మాట, ఎందుకంటే కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్ళున్నారు. నల్లమలలో రాలిన ఆకు, పైమట్టి అటవీ ఉత్పత్తే. రిజర్వు ఫారెస్టులోంచి మొక్కల కోసమని సంచి నిండా ఆకుమట్టి తేవడం నేరం. రాలిందే కదా అంటే చెల్లదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద చెంచులకూ అడవిని నమ్ముకున్న వాళ్ళకూ ఉన్న హక్కు వేరు. అది పట్నం కుండీలకు రాదు. శేషాచలం వైపు ఎర్రచందనం కొమ్మ దారిలో విరిగి పడి ఉన్నా, కట్టెపుల్లగా కూడా ముట్టుకోకండి. ఆ చెట్టును కాపాడటానికి అంత కటువుగా ఉండాల్సి వచ్చింది. నేను దాన్ని తప్పు పట్టను.

మన వీధుల్లో కానుగ చెట్లున్నాయి. ఎండాకాలం మొదట్లో ఆకంతా రాలుతుంది. ఊడ్చి కుప్ప చేసి అగ్గి పెడుతున్నారు. పొద్దున్నే ఆ పొగ మనమే పీలుస్తున్నాం. కానుగ రొట్ట పొలానికి ఎంత బలమో ఇక్కడ చెప్పక్కర్లేదు. మీ వీధి ఊడ్చే అమ్మతో మాట్లాడండి. కుప్ప ఆమె చేసింది, కనుక ముందు ఆమెను అడగండి. సంచి మీరే ఇవ్వండి. తర్వాత వార్డు సచివాలయంలో ఒక కాగితం ఇచ్చి, ఆకు కాల్చకుండా తోటలవాళ్ళకు ఇవ్వమని అడగండి. పదిమంది సంతకాలుంటే ఆ కాగితానికి విలువ వస్తుంది.

చివరగా, ఈ బల్ల మీద ఒక దరఖాస్తు నమూనా పెట్టాను. చెరువు మట్టి కోసం. పంచాయతీకి ఒకటి, చెరువు చూసే ఇంజనీరుకు ఒకటి. ఖాళీలు నాలుగే: చెరువు పేరు, మీ పొలం సర్వే నంబరు, ఎన్ని ట్రాక్టర్లు, ఏ రోజుల్లో. కింద 1905 చట్టం రెండో సెక్షన్, 2000 నోటిఫికేషన్ తేదీ రాసే ఉన్నాయి. మిద్దె మీద కుండీలకు రెండు సంచులు కావాల్సినవాళ్ళు విడిగా ఇవ్వక్కర్లేదు, పక్క ఊరి రైతు దరఖాస్తులో చేరిపోండి, ట్రాక్టరు బాడుగ కూడా కలిసొస్తుంది. అందుకున్నట్టు సంతకం, సీలు వేయించుకుని ఆ నకలు ట్రాక్టరులోనే పెట్టండి. ఉగాది దాటగానే ఇచ్చెయ్యండి. రోహిణి కార్తెలో నాలుగు చినుకులు పడితే చెరువులోకి బండి దిగదు.